పాట గొడవలో సువార్త ఎక్కడుంది?

మా సంఘంలో మొన్న పెద్దల కూడిక రెండు గంటలు సాగింది. చర్చకు వచ్చిన సంగతి ఒక్కటే: రిథమ్ ప్యాడ్, అంటే కొడితే డ్రమ్ముల మోత ఇచ్చే ఎలక్ట్రానిక్ వాయిద్యం, కొనాలా, వద్దా. యూత్ వాళ్లు తమలో తాము చందాలు వేసుకుని వచ్చారు. డబ్బు అడగడం లేదు, అనుమతి అడుగుతున్నారు. ముందు వరసలో కూర్చున్న పెద్దాయన లేచి, "ఇది సువార్త చెప్పడానికి కట్టుకున్న మందిరం, పాట కచేరీ పెట్టుకోవడానికి కాదు. వాక్యానికి అరగంట మిగలడం లేదు, మళ్లీ ఇదొకటా?" అన్నారు. వెనక నిలబడిన కుర్రాడు ఆయనకు మనవడి వరస. "నూట యాభయ్యో కీర్తన చదవండి తాతయ్యా, తాళాలూ తంబురలూ అన్నీ ఉన్నాయి అందులో" అన్నాడు. తాతయ్య బైబిలు తియ్యలేదు. ఆయనకది కంఠతా వచ్చు. "ఆమోసు ఐదో అధ్యాయం నువ్వు తియ్యి" అన్నారు. కుర్రాడు ఫోన్‌లో వెతికి, పైకి చదివాడు. మీ పాటల ధ్వని నా దగ్గర నుంచి తొలగించండి, మీ స్వరమండలాల నాదం వినడం నాకు ఇష్టం లేదు అని దేవుడు అంటున్న చోటు అది. చదవడం అయ్యాక ఎవరూ మాట్లాడలేదు.

రాజోలు నుంచి భీమవరం దాకా, గోదావరి పాయల మధ్య ఏ ఊళ్లో అడిగినా ఈ తగువు ఏదో ఒక రూపంలో వినిపిస్తుంది. ఒకచోట కీబోర్డు, ఒకచోట డ్రమ్ములు, ఒకచోట ప్రొజెక్టరు, ఇంకోచోట ఆరాధన నడిపించే కుర్రాడి జుట్టు. కొన్ని ఊళ్లలో మాట పెరిగి సంఘం చీలిపోయి, ఒకే వీధిలో రెండు బోర్డులు వెలిశాయి. రెండు వైపులా ఉన్నవాళ్లు దేవుణ్ణి ప్రేమించేవాళ్లే, నా బాధ అందుకే. ఒకరు సువార్త కోసం నిలబడ్డామనుకుంటారు, ఇంకొకరు ఆరాధన కోసం. నిజానికి ఆ గదిలో నలుగుతున్నవి నాలుగైదు వేరువేరు సంగతులు. వాటన్నిటినీ ఒకే మూటగా కట్టి "పాటా, వాక్యమా" అని అడిగితే జవాబు దొరకదు. మూట విప్పి ఒక్కొక్కటీ బయట పెట్టుకోవాలి.

ముందు సువార్త అనే మాట. ఈ గొడవలో దాన్ని ఎవరికి తోచిన అర్థంలో వాళ్లు వాడుతున్నారు. పెద్దలు సువార్త అన్నప్పుడు వాళ్ల మనసులో ఉండేది ప్రసంగం. పిల్లల మనసులో ఉండేది పందిరి వేసి, మైకు కట్టి, బయటివాళ్ల కోసం పెట్టే సభ. పౌలు కొరింథు సంఘానికి రాసిన మొదటి పత్రిక 15వ అధ్యాయంలో సువార్త అంటే ఏమిటో విప్పి చెప్పాడు: లేఖనాల ప్రకారం క్రీస్తు మన పాపాల నిమిత్తం చనిపోయాడు, సమాధి చేయబడ్డాడు, మూడో రోజున లేచాడు. అది వార్త. జరిగిపోయిన సంగతి. దాన్ని ప్రసంగంలో చెప్పొచ్చు, పాటలో చెప్పొచ్చు, రొట్టె విరిచి చూపించొచ్చు, బాప్తిస్మపు నీళ్లలో చూపించొచ్చు. గంటసేపు మాట్లాడి ఈ మూడు సంగతుల్లో ఒక్కటీ ఎత్తకుండా ముగించిన ప్రసంగాలు నేను విన్నాను. రెండు చరణాల్లో మూడూ చెప్పిన పాటలూ విన్నాను. అంటే ప్రసంగం పెరిగినంత మాత్రాన సువార్త పెరగదు, పాట తగ్గినంత మాత్రానా పెరగదు.

మా నాయనమ్మకి అక్షరం ముక్క రాదు. నర్సాపురం దగ్గరి పల్లెలో పుట్టింది. మిషనరీల కాలంలో మొదలైన లేసు పని ఆ పల్లెల్లో ఇంటింటా ఉండేది, ఆవిడకీ అదే వచ్చు. మధ్యాహ్నం అరుగు మీద కూర్చుని, దారపుండ ఒళ్లో పెట్టుకుని, లేసు సూది ఆడిస్తూ సిలువ పాట ఒకటి పాడేది. ఒక పువ్వు అల్లడం అయ్యేసరికి ఒక చరణం అయ్యేది. తోటలో ప్రార్థన ఒక పువ్వు, పిలాతు ముందు నిలబడటం ఒక పువ్వు, సిలువ మోయడం ఒక పువ్వు. సమాధి రాయి దొర్లే చరణం వచ్చేటప్పటికి ఒక వరస పూర్తయ్యేది. ఆవిడకు సువార్త తెలిసిన దారి అదే. జీవితంలో విన్న ప్రసంగాల్లో ఆఖరి రోజుల్లో ఒక్కటీ గుర్తులేదు, పాటలు మాత్రం వరస తప్పకుండా ఉన్నాయి. పాట వేరు, సువార్త వేరు అని ఎవరైనా గట్టిగా అంటే నాకు ముందు ఆ అరుగు గుర్తొస్తుంది.

"పాత పద్ధతి" ఎవరిది?

తగువులో రెండో మాట "మన పాత పద్ధతి". కానీ ఈ డెల్టాలో క్రైస్తవ్యం ఒకే దారిన రాలేదు, పాట కూడా ఒకే దారిన రాలేదు.

1836లో ఇంగ్లండు నుంచి ఓడెక్కి వచ్చిన విలియం బౌడెన్, జార్జి బీర్ దంపతులు నర్సాపురం, పాలకొల్లు ప్రాంతంలో పని మొదలుపెట్టారు. ఆర్థర్ కాటన్ ధవళేశ్వరం ఆనకట్ట కడుతున్న రోజుల్లో, అంటే 1847 నుంచి 1852 దాకా, అక్కడ రాళ్లు మోసిన కూలీల మధ్య బౌడెన్ సువార్త చెప్పాడు. గోదావరి డెల్టా మిషన్ అని పేరుపడిన ఆ బ్రదరన్ సంఘాల్లో ఆదివారం రొట్టె విరిచే కూడికలో వాయిద్యం ఉండదు. కాసేపు అంతా మౌనంగా కూర్చుంటారు. ఒక సహోదరుడు కూర్చున్న చోటి నుంచే పాట నంబరు చెప్తాడు. ఎవరో ఎత్తుకుంటారు, సంఘం అందుకుంటుంది. ఆ మౌనంలో పెరిగిన మనిషికి డ్రమ్ము మోగితే గుండెలో ఎక్కడ తగులుతుందో, అలా పెరగని మనిషి కొంచెం ఊహించుకోవాలి.

రాజమండ్రిలో దారి వేరు. అక్కడ 1845లో ఉత్తర జర్మనీ మిషన్ వాళ్లు మొదలుపెట్టిన పని 1851లో అమెరికా లూథరన్ల చేతికి వచ్చింది, ఆ పరంపరలోనే 1927లో ఆంధ్ర ఇవాంజిలికల్ లూథరన్ సంఘం ఏర్పడింది. ఆరాధన క్రమం, క్వయర్, పండగలకి గాయక బృందాల పోటీలు వాళ్లకి పాత పద్ధతి. కాకినాడలో థామస్ గాబ్రియేల్ అనే తెలుగువాడు మొదలుపెట్టిన పనిని 1874లో కెనడా బాప్టిస్టులు అందుకున్నారు. ఏలూరు వైపు బందరు నుంచి వచ్చిన ఆంగ్లికన్ల, అంటే ఇంగ్లండు చర్చివాళ్ల దారి, 1947 తర్వాత సి.ఎస్.ఐ. (దక్షిణ ఇండియా సంఘం) అయింది. జేగురుపాడులో పుట్టిన ముంగమూరి దేవదాసు అయ్యగారు 1938లో బైబిలు మిషను స్థాపించారు. వాళ్ల పాటలు వాళ్లవి, వాళ్ల సన్నిధి కూటాలు వాళ్లవి. భక్త సింగ్ గారి హెబ్రోను సహవాసాలకు ఇంకో పాటల పుస్తకం. ఆ తర్వాత పెంతెకొస్తు సంఘాలు చప్పట్లతో, తప్పెటతో వచ్చాయి. ఇన్ని దారులు కలిసిన నేలలో, ఒక ఊళ్లో పాత పద్ధతి అన్నది పక్క ఊళ్లో కొత్త. ఇప్పుడు పెళ్లిళ్ల వల్లా బదిలీల వల్లా ఒకే సంఘంలో నాలుగు పాత పద్ధతుల వాళ్లు కూర్చుంటున్నారు. తగువులో సగం అక్కడే పుడుతోంది.

పాతవి అనుకుంటున్న కీర్తనలు కూడా ఒకప్పుడు కొత్తవే. తెలుగు క్రైస్తవ పాటకు పెద్ద దిక్కు పురుషోత్తమ చౌదరి (1803–1890) బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి, 1833లో బాప్తిస్మం తీసుకుని, పల్లవి చరణాల కట్టుబాటులో, కర్ణాటక రాగాల్లో యేసు మీద కీర్తనలు రాశారు. మిషనరీలు అనువదించి తెచ్చిన పాటలు ఇంగ్లీషు వరసల్లో ఉండేవి. ఈయన తన చెవికి తెలిసిన సంగీతాన్నే సువార్తకు వాహనం చేశారు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరిస్తే ఇవాళ్టికీ పాట మీద రాగం, తాళం అచ్చువేసి ఉంటాయి. ఆ రాగంలో పాడే ఊరు మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టాలి. వరసలు ఎప్పుడో మారిపోయాయి, మాటలు నిలబడ్డాయి. నాకు ఇందులో తగువుకు పనికొచ్చే పాఠం ఒకటి కనిపిస్తుంది: పెద్దలు కాపాడుకుంటున్న వరస కూడా, చాలావరకు, వాళ్ల పెద్దలు పాడిన వరస కాదు.

పదహారు వందల ఏళ్ల పేచీ

ఈ గొడవ యూట్యూబ్‌తో పుట్టిందని అనుకునేవాళ్లు ఆగస్టీను రాసింది చదవాలి. ఉత్తర ఆఫ్రికాలో హిప్పో పట్నపు బిషప్పు ఆయన. క్రీస్తు శకం 400 ప్రాంతంలో రాసిన తన ఒప్పుకోళ్ల పుస్తకం పదో భాగంలో ఈ బాధ చెప్పుకున్నాడు. పాటలోని సంగతి కంటే పాడే గొంతు నన్ను ఎక్కువ కదిలించిన రోజున నేను పాపం చేశాననే ఒప్పుకుంటాను, అప్పుడు ఆ పాట వినకపోయి ఉంటేనే బాగుండేది అన్నాడు. అదే పేజీలో, తాను మారుమనస్సు పొందిన తొలి రోజుల్లో సంఘం పాట విని కన్నీళ్లు పెట్టుకోవడం తలుచుకుని, పాట వద్దని చెప్పలేకపోయాడు. ఇటా అటా అని ఊగి, చివరికి పాట ఉండాలనే వైపు మొగ్గాడు. ఆ ఊగిసలాటలో ఉన్న నిజాయితీ నాకు ఇష్టం. మన కూడికల్లో ఎవరూ అలా ఊగరు, అదే కష్టం.

పదహారో శతాబ్దంలో, యూరపులో ప్రొటెస్టంటు సంఘాలు పుట్టిన సంస్కరణ కాలంలో, ఇది రెండు సిద్ధాంతాలుగా తేలింది. ఒకటి, దేవుడు ఆజ్ఞాపించినదే ఆరాధనలో ఉండాలి. ఇంకొకటి, దేవుడు వద్దని చెప్పనిది ఉండొచ్చు. ఈ రెండు వాక్యాల మధ్య తేడా పట్టుకుంటే మన ఊరి తగువు సగం అర్థమవుతుంది. జర్మనీలో లూథరు రెండో వైపు. 1524లోనే పాటల పుస్తకాలు అచ్చు వేయించి, వాక్యాన్ని జనం నోట పెట్టాడు. జ్యూరిక్‌లో జ్వింగ్లీ మొదటి వైపు. సంస్కర్తలందరిలోకీ సంగీతం బాగా వచ్చినవాడు ఆయనే, ఎన్నో వాయిద్యాలు వాయించేవాడు. ఆయన ఊళ్లోనే 1520లలో గుళ్లలో పాట ఆగిపోయింది, ఆర్గన్లు మూగబోయాయి. జెనీవాలో కాల్విన్ మధ్యలో నిలబడి, వాయిద్యం లేకుండా కీర్తనల గ్రంథం పాడించాడు. మన తాతయ్యకీ కుర్రాడికీ మధ్య ఉన్న తేడా ఇదే. కొత్త నిబంధన సంఘంలో వాయిద్యం పేరెత్తలేదు కాబట్టి వద్దని ఒకరు, వద్దనలేదు కాబట్టి పర్వాలేదని ఇంకొకరు. దావీదు ఏర్పాటులో 288 మంది గాయకులు ఉన్నారని దినవృత్తాంతాలు మొదటి గ్రంథం 25వ అధ్యాయం చెప్తుంది. అది దేవాలయం సంగతి, బలులతో పాటే పోయిందని మొదటి వైపువాళ్లు జవాబు చెప్తారు. ఎవరూ బైబిలు వదిలిపెట్టలేదు, చదివే పద్ధతులు వేరు.

లండన్‌లో ఇంకా చిత్రం జరిగింది. బెంజమిన్ కీచ్ అనే బాప్టిస్టు కాపరి 1673 ప్రాంతంలో ప్రభువు బల్ల, అంటే రొట్టె విరిచే ఆరాధన, తర్వాత ఒక్క పాట పాడించడం మొదలుపెట్టాడు. వాయిద్యం లేదు, కేవలం పాట. అంతమాత్రానికే దాదాపు ఇరవై ఏళ్లపాటు పేచీ నడిచి, 1691లో కొంతమంది వేరుపడి పాట లేని సంఘం పెట్టుకున్నారు. అదే సంఘపు పరంపరలో రెండు వందల ఏళ్ల తర్వాత పేరుమోసిన ప్రసంగీకుడు స్పర్జన్ ప్రసంగించాడు. ఆ పెద్ద మందిరంలో వేలమంది గొంతెత్తి పాడేవారు, ఆర్గన్ మాత్రం లేదు. ఒకప్పుడు సంఘాన్ని చీల్చిన పాట, అప్పటికి అందరికీ అలవాటైన పాత పద్ధతి.

డప్పు

మన దగ్గర ఉండి, యూరపు చరిత్రలో లేని సంగతి ఒకటుంది. పెద్దలు మాట్లాడటానికి ఇబ్బందిపడే సంగతి కూడా ఇదే.

ఈ డెల్టాలో సువార్తను మొదట గుంపులుగా అందుకున్నది మాల, మాదిగ పల్లెలు. డప్పు మాదిగ పల్లె వాయిద్యం. ఊళ్లో చావుకి, జాతరకి, చాటింపుకి పిలిచి వాయించమనేవాళ్లు, అది కూలి అడగకూడని వెట్టి. క్రైస్తవులైనప్పుడు చాలామంది డప్పు దించేశారు. అమ్మవారి కొలువులో మోగేదని మిషనరీలు వద్దనడం ఒక కారణం. వెట్టి నుంచి బయటపడాలనుకోవడం ఇంకో కారణం, అది ఇంకా బలమైనది. ఆ చోట హార్మోనియం వచ్చి కూర్చుంది. అది పుట్టింది ఫ్రాన్సులో, 19వ శతాబ్దంలో. మన సంగీతానికి సరిపడదని ఆకాశవాణి 1940 నుంచి 1971 దాకా దాన్ని దూరం పెట్టింది. అలాంటి పరాయి పెట్టె గుళ్లో పవిత్రమైంది, పల్లెలో పుట్టిన తోలు వాయిద్యం గుమ్మం బయట ఉండిపోయింది.

ఇప్పుడు మనవలు డప్పు కావాలంటున్నారు. అది మా గౌరవం అంటున్నారు. డప్పు దించడమే గౌరవం అనుకున్న తాతలకు అది మింగుడుపడటం లేదు. రెండూ గౌరవం కోసమే. ఈ సంగతిని "లోకసంబంధమైన వాయిద్యం" అనే మాట కింద కప్పెయ్యకూడదని నా గట్టి అభిప్రాయం. తోలుకి పాపం లేదు. ఊళ్లో వార్త చాటింది డప్పే, సువార్త అంటే చాటింపే. అయినా, డప్పు పట్టుకోమన్నప్పుడు చేతులు వణికే పెద్దవాళ్లు ఉన్న సంఘంలో, వాళ్లతో ముందు కూర్చుని మాట్లాడాలి. తీర్మానం పెట్టి నెగ్గించుకునే పని కాదు ఇది.

వినపడకపోవడం సిద్ధాంతం కాదు

ఇంత లోతైన సంగతుల పక్కనే చాలా చిన్న సంగతి ఒకటి దాక్కుని ఉంది. "మాటలు వినపడటం లేదు" అని పెద్దలు అంటారు. పిల్లలు దాన్ని ఛాందసం అనుకుంటారు. నేను ఒక ఆదివారం వెనక చాప మీద, ఆడవాళ్ల వైపు చివర, కూర్చుని విన్నాను. నిజంగానే వినపడలేదు.

మన మందిరాలు ఎలా కడతాం? సిమెంటు గోడలు, పైన స్లాబు లేకపోతే రేకులు, కింద టైల్సు. మెత్తనిది ఏదీ లేదు. శబ్దం ఎక్కడా ఇంకదు, తిరిగి తిరిగి వస్తుంది. అలాంటి గదిలో రెండు పెద్ద స్పీకర్లు పెట్టి, మిక్సర్ మీద ఎకో పెంచుతారు. ఎకో ఉంటే గొంతు గొప్పగా వినిపిస్తుందని మన మైకు కుర్రాళ్లందరికీ ఒక నమ్మకం. గోడలిచ్చే ఎకో మీద మిషను ఎకో తోడైతే ఒక మాట ముగిసేలోపు ముందు మాట వచ్చి దాని మీద పడుతుంది. బూర స్పష్టం కాని ధ్వని ఇస్తే యుద్ధానికి ఎవరు సిద్ధపడతారని పౌలు అడిగింది భాషల వరం గురించి. కానీ ఆ ప్రశ్న మన మిక్సర్ దగ్గర కూడా అడగొచ్చు. పాటకీ ప్రసంగానికీ ఎకో పూర్తిగా తీసేసి, స్పీకర్లు సగం తగ్గించి, కిటికీలకి మందపాటి తెరలు కడితే తగువులో ఒక పాయ అక్కడికక్కడే ఎండిపోతుంది.

శ్రుతి ఇంకొకటి. కుర్రాళ్లు పాటని యూట్యూబ్‌లో ఎలా ఉంటే అలాగే, అదే శ్రుతిలో వాయిస్తారు. అది స్టూడియోలో పాడిన గాయకుడి గొంతుకి కుదిరిన శ్రుతి. నా పక్కన కూర్చున్న పెద్దమ్మ పల్లవి పాడింది. అనుపల్లవి పైకి వెళ్లేసరికి గొంతు అందలేదు. ముసుగు సర్దుకుని, పుస్తకం మూసేసి, చేతులు కట్టుకుంది. ఆమెకి కొత్త పాట మీద కోపం లేదు, ఆ పాట వచ్చు కూడా. కీబోర్డు మీద శ్రుతి దించే మీట రెండుసార్లు నొక్కితే ఆమె కూడా పాడేది. ఆ కుర్రాడికి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. చెప్పడానికి బదులు "పాటలు ఎక్కువైపోయాయి" అన్నారు.

చాలా సంఘాల్లో ఆడవాళ్లు ప్రసంగించరు, కమిటీలో ఉండరు. ఆరాధనలో వాళ్ల వాటా అంతా పాటే. స్టేజీ మీద నలుగురు పాడుతుంటే మిగతా అందరూ చూస్తూ నిలబడే పద్ధతి వస్తే మొదట నష్టపోయేది వాళ్లు. కీబోర్డు కంటే నన్ను కలవరపెట్టేది ఇదే. వాయిద్యం ఉండటం లేకపోవడం కంటే, సంఘం పాడుతోందా లేక వింటోందా అన్నది పెద్ద ప్రశ్న. వాయిద్యం లేకుండా కూడా సంఘం నోరు మూయించొచ్చు, డప్పుతో కూడా సంఘం నోరు తెరిపించొచ్చు.

పాటలో ఏముంది?

ఇక అసలు చోటికి వద్దాం. మా సంఘంలో ఆదివారం పాడిన పాటలు రాసే నోటు పుస్తకం ఉంది. దాన్ని మూడు నెలలు వెనక్కి తిరగేశాను. మనసులో ఒకే ప్రశ్న పెట్టుకున్నాను: ప్రసంగం అర్థంకాని మనిషి ఎవరైనా, మా నాయనమ్మలాంటి మనిషి, ఈ పాటలు మాత్రమే విని వెళ్తే యేసు ఎవరో, ఆయన ఎందుకు చనిపోయాడో, ఇప్పుడు ఎక్కడున్నాడో తెలుస్తుందా?

చాలా పాటల్లో తెలియదు. నువ్వు నన్ను లేపావు, హెచ్చించావు, నన్ను చులకన చేసినవాళ్ల ముందు తల ఎత్తుకునేలా చేశావు, ఇకముందు కూడా చేస్తావు. ఇవి అబద్ధాలు కావు. అవమానాలు పడ్డ జనం నోట ఆ మాటలకు విలువ ఉంది, కీర్తనల గ్రంథంలోనూ అలాంటివి ఉన్నాయి. కానీ ఆ ఒక్కటే అయినప్పుడు పాట మొత్తం నా గురించి అవుతుంది. సిలువ అనే మాట ప్రాసకి వచ్చి వెళ్తుంది, ఆ సిలువ మీద ఏం జరిగిందో ఎవరూ చెప్పరు. పునరుత్థానం ఈస్టరు రోజుకే పరిమితం. పాపం అనే మాట కరువు. పెద్దాయన "సువార్త లేదు" అన్నప్పుడు ఆయన వేలు చూపించాల్సింది ప్యాడ్ వైపు కాదు, ఈ నోటు పుస్తకం వైపు. ఆ మేరకు ఆయన చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం.

అలాగని పాత పుస్తకం తెరిస్తే చాలు, సువార్త దానంతట అది వస్తుందనుకోలేం. సండే స్కూలు పిల్లల్ని పాత పాటలోని "అఘము" అంటే ఏమిటని అడిగాను. ఒకమ్మాయి ఆలోచించి "మేఘం" అంది. తప్పు ఆ పిల్లది కాదు. పాపం అని చెప్పే మాట ఆ పిల్లకి చేరకుండానే నాలుగేళ్లుగా ఆ పాట పాడిస్తున్న మాది. అర్థంకాని వాడు ఆమేన్ అని ఎలా చెప్తాడన్న పౌలు ప్రశ్న పాత పాటకీ కొత్త పాటకీ సమానమే.

కొత్త పాటల్లో ఇంకో లోటు ఉంది. కీర్తనల గ్రంథంలో దాదాపు మూడో వంతు విలాపాలు. ఎంతకాలం, ఎందుకు చేయి విడిచావు అని దేవుణ్ణి నిలదీసి ఏడ్చిన పాటలు. మన స్తుతి ఆరాధనలో వాటికి చోటు లేదు. 1996 నవంబరు 6 రాత్రి తుపాను కోనసీమను ఊడ్చేసినప్పుడు నాకు పదేళ్లు. తర్వాతి ఆదివారం మందిరానికి పైకప్పు లేదు. కొబ్బరి చెట్లు మొవ్వులు తెగి, మొండాలు నిలబడి ఉన్నాయి. అయ్యగారు 46వ కీర్తన చదివారు, సముద్ర జలాలు ఘోషించి నురుగు కట్టినా భయపడం అనే చోటు. లూథరు తన ప్రసిద్ధమైన పాటను ఆ కీర్తన మీదే కట్టాడని నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. ఆ రోజు ఎవరో ఒక పాత పాట ఎత్తుకున్నారు. సగంలో ఏడుపు అడ్డుపడి ఆగిపోయింది, ఇంకెవరో అందుకున్నారు. ఇప్పుడు అలాంటి రాత్రి వస్తే, తర్వాతి ఆదివారం మా పిల్లల దగ్గర పాడటానికి ఏ పాట ఉంది? వాళ్లని నేను తప్పుపట్టడం లేదు, నిజంగానే అడుగుతున్నాను. చెరువులు మునిగి అప్పులపాలైన కుటుంబం ఆ చాప మీదే కూర్చుని ఉంటుంది కదా.

సమయం సంగతి త్వరగా ముగిస్తాను. వాక్యానికి అరగంట మిగలడం లేదన్నది నిజమే. గడియారం పెట్టుకుని చూశాను. సంఘమంతా కలిసి పాడిన సమయం కంటే ప్రత్యేక పాటలు, ప్రకటనలు, పుట్టినరోజు ప్రార్థనలు, అతిథులకు శాలువాలు తీసుకున్నదే ఎక్కువ. శాలువాల మీద ఎవరూ కూడిక పెట్టలేదు.

కొలొస్సయులకు రాసిన పత్రిక 3వ అధ్యాయం 16వ వచనం ఈ తగువులో ఇరుపక్షాలూ చదువుతారు, సగం సగం. క్రీస్తు వాక్యం మీలో సమృద్ధిగా నివసించాలి అన్నంతవరకు పెద్దలు. సంగీతాలతో, కీర్తనలతో, ఆత్మసంబంధమైన పద్యాలతో అన్నది పిల్లలు. అది ఒకే వాక్యం. పాటలతో ఒకరికొకరు బోధించుకుంటూ, బుద్ధి చెప్పుకుంటూ వాక్యాన్ని నివసించనియ్యమంటున్నాడు పౌలు. అంటే పాడేవాడు బోధకుడే. అలాగైతే కీబోర్డు దగ్గర నిలబడే కుర్రాడికి ప్రసంగీకుడికి ఇచ్చినంత తర్ఫీదు ఇవ్వాలి, అంత లెక్కా అడగాలి. మనం రెండూ చెయ్యలేదు. సంఘంలో పిల్లలకి మనం ఇచ్చిన ఒకే ఒక్క చోటు ఆ మైకు. వాక్యం చెప్పనివ్వలేదు, పెద్దల్లో కూర్చోనివ్వలేదు. ఉన్న ఆ ఒక్క చోట గట్టిగా వాయిస్తే ఆశ్చర్యమేముంది? కూలి డబ్బుల్లో మిగిల్చి ఇటుక ఇటుక పేర్చి ఆ మందిరం కట్టిన ముసలివాళ్లకి, తమ పాట అందులోనే వినపడకుండా పోతోందని గుబులు పుడితే అందులోనూ తప్పు లేదు.

మా దగ్గర ప్యాడ్ సంగతి ఇంకా తేలలేదు, వచ్చే నెల కూడికకి వాయిదా వేశారు. ఈలోగా మూడు మార్పులు జరిగాయి. అయ్యగారు ఆదివారం చెప్పబోయే వాక్యభాగం గురువారమే వాట్సాప్‌లో పెడుతున్నారు, పాటలు దాన్ని బట్టి ఎంచుతున్నారు. మొదటి ఆదివారం ప్రభువు బల్ల దగ్గర ఏ వాయిద్యమూ వద్దని పిల్లలే ఒప్పుకున్నారు. మూడోది, ఆ కుర్రాడు బుధవారం సాయంత్రాలు తాతయ్య ఇంటికి వెళ్తున్నాడు. పుస్తకంలో అచ్చై ఉండి వరస ఎవరికీ రాని పాటలు ఆయనకి కొన్ని వచ్చు. ఈ పిల్లాడు ఫోన్‌లో రికార్డు చేసుకుంటున్నాడు.

మొన్న ఒక పాట మూడో చరణం దగ్గర ఇద్దరికీ మాట పట్టింపు వచ్చింది. తాతయ్య నలభై ఏళ్లుగా "లేచును" అని పాడుతున్నారు. పుస్తకంలో "లేచెను" అని ఉంది. కుర్రాడు వేలు పెట్టి చూపించాడు. తాతయ్య కళ్లజోడు తెచ్చుకుని, పుస్తకం దీపం దగ్గరికి తీసుకెళ్లి రెండుసార్లు చదివారు. "లేచెనే పాడాలిరా" అని, రికార్డింగ్ మళ్లీ మొదటి నుంచి పెట్టించారు.